పిల్లలకు గాలి కరెంటు పాఠం: ముందు గాలి, తర్వాతే గాలిమర

మీ ప్రశ్న చదవగానే జవాబు రాయాలనిపించింది మేడమ్. ఎనిమిది, తొమ్మిది తరగతులకు పునరుత్పాదక శక్తి పాఠం చెప్పాలి. పవన విద్యుత్తు గురించి పుస్తకంలో ఉన్న నాలుగు ముక్కల్నీ పిల్లలు బట్టీ పట్టేస్తున్నారు. బొమ్మ మోటారుకు రెక్కలు తగిలించి మోడల్ చేస్తే ఎల్‌ఈడీ వెలగలేదు. పైగా ఒక పిల్లాడు లేచి ‘ఈ ఫ్యాన్లు వచ్చాకే మా ఊళ్ళో వానలు పోయాయంట’ అంటే ఏం చెప్పాలో మీకు తోచలేదు. ఇదీ మీరు రాసింది. నేను అనంతపురం వైపు గాలిమరల మెయింటెనెన్స్‌లో పంతొమ్మిదేళ్ళు పనిచేశాను. గత ఆరేళ్ళుగా బళ్ళకు వెళ్ళి ఇదే పాఠం చెబుతున్నాను. మీకు ఎదురైనవన్నీ నాకూ ఎదురయ్యాయి, కాబట్టి కాస్త వివరంగానే రాస్తాను.

మొదట్లో నేను గాలిమర లోపలి బొమ్మ పెద్ద చార్టు మీద వేసుకుని వెళ్ళేవాణ్ణి. ఇది రెక్క, ఇది గేర్‌బాక్స్, ఇది జనరేటర్ అని వరసగా చూపించేవాణ్ణి. పిల్లలు బుద్ధిగా నోట్సులో ఎక్కించుకునేవారు. ఒక బడిలో నలభై నిమిషాలు చెప్పాక ఎనిమిదో తరగతి అమ్మాయి చెయ్యెత్తి, ‘సార్, ఆ ఫ్యాను తిరగడానికి కరెంటు ఎక్కణ్ణుంచి తెస్తారు?’ అని అడిగింది. తరగతిలో ఎవరూ నవ్వలేదు. అందరికీ అదే సందేహం ఉందని అప్పుడు అర్థమైంది. పిల్లలు పుట్టినప్పటినుంచీ చూసిన ఫ్యాను కరెంటు తిని గాలి ఇస్తుంది. మనం చెప్పే యంత్రం గాలి తిని కరెంటు ఇస్తుంది. ఆ తిరకాసు విప్పకుండా గేర్‌బాక్స్ గురించి ఎంత చెప్పినా లాభం లేదు. అంతకంటే ముందు, గాలికి శక్తి ఉందన్న సంగతి వాళ్ళ చేతికి తగలాలి. అందుకే ఇప్పుడు మొదటి పీరియడ్‌లో గాలిమర పేరే ఎత్తను.

మీ పిల్లల్లో సగం మంది రైతుల ఇళ్ళవాళ్ళే అయ్యుంటారు. ‘కళ్ళంలో తూర్పారబట్టడం ఎవరు చూశారు?’ అని అడగండి. కనీసం పదిమంది చేతులెత్తుతారు. ఒకణ్ణి పిలిచి ఎలా చేస్తారో చేసి చూపించమనండి. ఎత్తు పీట ఎక్కి, చేటను తల దగ్గర పట్టుకుని, గాలి వచ్చేదాకా ఆగి, మెల్లగా వంచడం వాళ్ళ చేతుల్లోనే ఉంటుంది. తర్వాత బొరుగులు, శనగలు కలిపిన చేటను టేబుల్ ఫ్యాను ముందు అదే ఎత్తునుంచి వంపించండి. కింద పాత దుప్పటి పరిస్తే సరి. శనగలు దాదాపు నిలువునా పడతాయి, బొరుగులు ఎగిరి దూరంగా పడతాయి. ఫ్యాను ఒకటో నంబరులో, రెండులో, మూడులో పెట్టి బొరుగులు ఎంత దూరం పోయాయో స్కేలుతో కొలిపించి బోర్డు మీద రాయండి. గాలి పని చేస్తుందని, వేగం పెరిగితే ఎక్కువ పని చేస్తుందని పిల్లలే చెబుతారు. శక్తి అనే మాటను అప్పుడు బోర్డు మీద రాస్తే దానికి ఒక రూపం ఉంటుంది.

ఆ వెంటనే గాలికి బరువుందా అని అడగండి. లేదనే అంటారు. తరగతి గది పొడవు, వెడల్పు, ఎత్తు కొలిపించండి. ఆరు మీటర్ల పొడవు, ఆరు వెడల్పు, మూడు ఎత్తు అనుకుంటే 108 ఘనపు మీటర్లు. మన ప్రాంతంలో ఘనపు మీటరు గాలి సుమారు 1.1 కిలోలు తూగుతుంది. అంటే ఆ గదిలో ఉన్న గాలి దాదాపు 119 కిలోలు. ‘రెండు బియ్యం మూటలకు పైనే మన గదిలో కనిపించకుండా ఉంది’ అన్నప్పుడు పిల్లలు పైకి చూస్తారు చూడండి, ఆ చూపు కోసమే నేను ఈ లెక్క ఎప్పుడూ మానను. బరువున్నదేదైనా వేగంగా వస్తే దెబ్బ తగులుతుందని వాళ్ళకు ఎవరూ చెప్పక్కర్లేదు.

రెండో పీరియడ్‌కి ఆ అమ్మాయి ప్రశ్న. ఒకే రకం చిన్న డీసీ మోటార్లు రెండు తీసుకుని వాటి వైర్లు ఒకదానికొకటి కలపండి. బ్యాటరీ వద్దు. ఒకదాని ఇరుసును వేళ్ళతో గట్టిగా తిప్పితే రెండోది కాస్త కదులుతుంది. ఆ రెండో మోటారు ఇరుసుకు ఒక కాగితం ముక్క అంటిస్తే వెనక బెంచీకి కూడా కనిపిస్తుంది. కదలకపోతే తిప్పే మోటారుకు దారం చుట్టి బొంగరంలా లాగండి. ‘తిప్పితే కరెంటు వచ్చింది, కరెంటు వస్తే తిరిగింది, వస్తువు ఒకటే’ అని పిల్లల నోటినుంచే రావాలి. దీంతో ఫ్యానుకీ గాలిమరకీ ఉన్న తిరకాసు తొంభై శాతం విడిపోతుంది.

‘అయితే మా ఇంటి సీలింగ్ ఫ్యాను గాలికి తిరిగితే కరెంటు వస్తుందా?’ అని తప్పకుండా అడుగుతారు. పాతరకం ఫ్యానుకైతే రాదు. దాని లోపల శాశ్వత అయస్కాంతం ఉండదు, తీగచుట్టల్లో బయటినుంచి కరెంటు పారితేనే అయస్కాంత క్షేత్రం పుడుతుంది. కొత్తగా వస్తున్న బీఎల్‌డీసీ (బ్రష్‌లు లేని డీసీ మోటారు) ఫ్యాన్లలో మాత్రం అయస్కాంతాలు ఉంటాయి. పాడైన ఫ్యాను మోటారు ఒకటి ఎలక్ట్రీషియన్ దగ్గర అడిగి తెచ్చి విప్పి చూపిస్తే ఈ ప్రశ్నకు అంతకంటే మంచి జవాబు లేదు.

ఇక్కడే ఇంకొక్కటి చేయించండి. నాకు ఈ పాఠం మొత్తంలో ఇదే అన్నిటికంటే ఇష్టం. ఒక మోటారు వైర్లు విడిగా ఉంచి ఇరుసును వేళ్ళతో తిప్పమనండి. తర్వాత ఆ రెండు వైర్ల కొసలూ ఒకదానికొకటి ఆనించి మళ్ళీ తిప్పమనండి. ఈసారి బిగుతుగా ఉంటుంది. లోపల ఏదో పట్టుకున్నట్టు అనిపిస్తుంది. ప్రతి పిల్లాడి వేళ్ళకూ ఇది అందాలి, వరసలో నిలబెట్టి అయినా సరే. కరెంటు పారినప్పుడే ఆ బిగుతు వస్తుంది. కరెంటు ఊరికే రాదు, దానికి సరిపడా తోపు ఎవరో ఇవ్వాలి. చేతితో తిప్పితే చెయ్యి ఇస్తుంది, కొండ మీద గాలి ఇస్తుంది. శక్తి నిత్యత్వ నియమం గురించి నేనిచ్చిన ఏ ఉపన్యాసమూ ఈ రెండు వైర్లంత బాగా పనిచేయలేదు.

ఇక మీ ఎల్‌ఈడీ సంగతి. మీ మోడల్‌లో తప్పేమీ లేదు, మోటారు ఎంపికలోనే చిక్కు. బొమ్మల దుకాణంలో దొరికే చిన్న మోటారు మూడు వోల్టులకు నిమిషానికి వేల చుట్లు తిరిగేలా తయారైంది. టేబుల్ ఫ్యాను గాలికి మన అట్టరెక్కలు నిమిషానికి కొన్ని వందల చుట్లే తిరుగుతాయి. అప్పుడు వచ్చేది వోల్టులో పావో, పరకో. ఎర్ర ఎల్‌ఈడీ వెలగాలంటే 1.8 వోల్టుల దాకా కావాలి. నా మొదటి ప్రదర్శనలోనూ ఇదే జరిగింది. రెక్కలు గిర్రున తిరుగుతున్నాయి, లైటు వెలగదు, అరవైమంది పిల్లలు చూస్తున్నారు. ‘గాలి కరెంటు ఉత్త మాట’ అన్న అభిప్రాయంతో వాళ్ళను ఇంటికి పంపానేమోనని చాలా రోజులు బాధపడ్డాను.

దీనికి మంచి మందు పాత ప్రింటర్. పాత సామాన్ల అంగడిలో పాడైన ప్రింటర్ ఒకటి కొనండి. అందులో స్టెప్పర్ మోటారు ఉంటుంది. ఇరుసు తిప్పితే కటకటమని మెట్లు మెట్లుగా తగులుతుంది, అదే గుర్తు. ఇది నెమ్మదిగా తిప్పినా ఎక్కువ వోల్టులు ఇస్తుంది, వేళ్ళతో తిప్పితేనే ఎల్‌ఈడీ మెరుస్తుంది. సాధారణంగా నాలుగు వైర్లుంటాయి, అవి రెండు జతలు. ఏ రెండు ఒక జతో తెలియాలంటే ఇందాక చెప్పిన కిటుకే వాడండి: రెండు వైర్లు ఆనించి తిప్పితే బిగుసుకుందంటే అవే జత. ఆ జతకు రెండు ఎల్‌ఈడీలు, ఒకటి ఎర్రది, ఒకటి ఆకుపచ్చది, ఎదురెదురు దిశల్లో కలపండి. తిప్పినప్పుడు ఒకటి విడిచి ఒకటి వెలుగుతాయి. ఏకాంతర విద్యుత్తు (ఏసీ) కంటికి కనిపిస్తుంది, పదో తరగతికి వెళ్ళాక ఆ పాఠం వాళ్ళకు కొత్త కాదు. ఒక్క జాగ్రత్త: ఈ మోటారు మొదలవడానికి కాస్త మొరాయిస్తుంది కాబట్టి రెక్కల చక్రం అడుగున్నర వ్యాసానికి తక్కువ కాకుండా చేయండి.

రెక్కలకు దళసరి అట్టా, వెదురు పుల్లా చాలు. రేకు రెక్కలు, గాజు, పదునైన ప్లాస్టిక్ వద్దు. తిరిగే చక్రానికి సమాంతరంగా పక్కన ఎవరినీ నిలబడనివ్వకండి, రెక్క ఊడితే ఎగిరేది ఆ వైపే. ముందో వెనకో నిలబడితే ఫరవాలేదు.

రెక్కల వాలు ఎంత ఉండాలో మీరు చెప్పకండి. కోణమానినితో పది, ఇరవై, ముప్ఫై, నలభైఐదు డిగ్రీలు పెట్టి వాళ్ళనే కొలవనివ్వండి. సున్నా దగ్గరా తొంభై దగ్గరా చక్రం కదలదు, మధ్యలో ఎక్కడో మంచి వాలు ఉంటుంది. ఎక్కువసార్లు అది పిల్లలు ఊహించినదానికంటే చిన్న కోణమే అవుతుంది. నలభైఐదే మంచిదని పందెం కాసే పిల్లాడు ప్రతి తరగతిలో ఒకడుంటాడు. కొలిచేటప్పుడు మల్టీమీటరును నేరుగా వైర్లకు పెట్టి వోల్టులు రాసుకుంటే లెక్క తప్పుతుంది. ఏ పనీ అప్పగించని ఎద్దు ఎంత బలమైనదో ఎలా తెలుస్తుంది? మామూలు డీసీ మోటారుకైతే వైర్ల మధ్య ఒక 47 ఓంల రెసిస్టర్ పెట్టి, దాని మీద వోల్టులు కొలిచి, ఆ సంఖ్యను దానితోనే గుణించి 47తో భాగించమనండి. అర వోల్టు వస్తే 0.25ని 47తో భాగించాలి, అయిదు మిల్లీవాట్ల పైచిలుకు. అంకె చిన్నదే, నిజమైనది.

రెక్కలు ఎన్ని ఉండాలనే ప్రశ్న దగ్గర నేను ఒక బడిపంతులు కథ చెబుతాను. డెన్మార్క్‌లో అస్కోవ్ అనే పల్లెలోని జానపద పాఠశాలలో (పల్లె యువకులు చదువుకునే బడి) పౌల్ లాకూర్ అనే ఉపాధ్యాయుడు ఉండేవాడు. 1891లో తన బడి దగ్గరే గాలిమర కట్టి కరెంటు పుట్టించాడు. గాలి లేని రోజులకు దాచుకోవడానికి ఆ కరెంటుతో నీటిని విడగొట్టి హైడ్రోజన్ పట్టి, దాంతో బడిలో దీపాలు వెలిగించాడు. గాలి సొరంగం, అంటే లోపల గాలి ఊది పరీక్షించే గొట్టం చేసి రెక్కల నమూనాలు పరీక్షించాడు. నీళ్ళు తోడే మరకు ఎక్కువ రెక్కలు కావాలి కానీ, కరెంటుకు వేగంగా తిరిగే తక్కువ రెక్కలే మేలని తేల్చాడు. పల్లెటూరి కుర్రాళ్ళకు కరెంటు పని నేర్పే కోర్సులు పెట్టాడు. అక్కడ చదువుకున్న యొహానెస్ యూల్ పెద్దయ్యాక 1957లో గెడ్సర్ అనే చోట మూడు రెక్కల 200 కిలోవాట్ల మర కట్టాడు, అది పదేళ్ళు నడిచింది. ఇవాళ మీ బడి కిటికీలోంచి కనిపించే మూడు రెక్కల మర ఆ మరకు మనవరాలి లాంటిది. అదే దేశంలో ట్వింద్ అనే చోట 1975–78 మధ్య ఉపాధ్యాయులూ విద్యార్థులూ స్వచ్ఛంద కార్యకర్తలూ కలిసి 54 మీటర్ల రెక్కల చక్రంతో అప్పటికి ప్రపంచంలోకెల్లా పెద్ద గాలిమర కట్టారు. మన పిల్లలకు సైన్సు అంటే ఎక్కడో పెద్ద ప్రయోగశాలల్లో జరిగేది. ఒక బడిలో మొదలై ఒక విద్యార్థి చేతిలో పెరిగిందని చెబితే వాళ్ళ ముఖాలు మారతాయి.

గణితం మాస్టారిని కూడా ఒక పీరియడ్‌కి పిలవండి. గాలి వేగం రెట్టింపయితే శక్తి రెట్టింపు కాదు, ఎనిమిది రెట్లవుతుంది. ఇది మాటల్లో ఎక్కదు. బల్ల మీద ఒక చాక్‌పీసు డబ్బా పెట్టండి. తర్వాత పొడవుకు రెండు, వెడల్పుకు రెండు, ఎత్తుకు రెండు వచ్చేలా పేర్పించండి. ఎనిమిది డబ్బాలు. మూడేసి పేరిస్తే ఇరవైయేడు, అప్పటికి స్టాఫ్ రూంలో డబ్బాలు అయిపోతాయి. కారణం కూడా అందేదే: వేగం రెట్టింపయితే అదే సమయంలో రెట్టింపు గాలి వస్తుంది, ఆ వచ్చిన ప్రతి కిలో గాలిలోనూ గతిశక్తి నాలుగు రెట్లుంటుంది. రెండు నాలుగులు ఎనిమిది.

ఆ తర్వాత నిజమైన మర లెక్క. రెక్కల చక్రం వ్యాసం 82 మీటర్లనుకోండి, మన వైపు ఈ కొలత మరలు చాలా ఉన్నాయి. చక్రం చుట్టే విస్తీర్ణం సుమారు 5,281 చదరపు మీటర్లు. సెకనుకు 8 మీటర్ల గాలి వీస్తుంటే ఆ చక్రంలోంచి ప్రతి సెకనూ 46 టన్నుల గాలి దాటుతుంది. పది టన్నుల లారీలు నాలుగున్నర, ఒక్క సెకనులో. దానిలో ఉన్న శక్తి సగం × 1.1 × 5,281 × 8 × 8 × 8, అంటే సుమారు 1,487 కిలోవాట్లు. అంతా మనకు దక్కదు. గాలిని పూర్తిగా ఆపేస్తే వెనకొచ్చే గాలికి దారి ఉండదు, అందుకే 59.3 శాతానికి మించి ఎవరూ తీసుకోలేరని జర్మనీకి చెందిన ఆల్బర్ట్ బెట్జ్ లెక్కగట్టాడు. మంచి మర 40 శాతం దాకా తీసుకుంటుందనుకుంటే 595 కిలోవాట్లు. గాలి 4 మీటర్లకు తగ్గితే? ఎనిమిదో వంతు, 74 కిలోవాట్లే. 12 మీటర్లకు పెరిగితే 2,000 కిలోవాట్లు. ఒకే మర, ఒకే రోజు, పొద్దున ఒకలా సాయంత్రం ఒకలా ఎందుకు ఇస్తుందో పిల్లలకు ఇక్కడ తెలిసిపోతుంది.

ఎత్తు సంగతి గాలిపటంతో తేలుతుంది. దారానికి మూడు చోట్ల రంగు రిబ్బన్లు కట్టి ఎగరేస్తే పైదాని ఊపు వేరు, కిందిదాని ఊపు వేరు. కరెంటు తీగలకు దూరంగా, నూలు దారంతోనే. మైదానంలో ఎత్తు రెట్టింపయితే గాలి వేగం సుమారు పదో వంతు పెరుగుతుంది, శక్తి మాత్రం మూడో వంతు పెరుగుతుంది. టవర్లు అంత ఎత్తు ఎందుకో వేరే చెప్పక్కర్లేదు.

మరల దగ్గరికి తీసుకువెళ్తే ఆషాఢ శ్రావణాల్లో తీసుకువెళ్ళండి. చలికాలంలో వెళ్తే సగం ఆగి ఉంటాయి, పిల్లలు ‘ఇవి పాడైపోయాయి’ అనుకుని వస్తారు. కంచె లోపలికి వెళ్ళాలంటే అనుమతి కావాలి, బయట దారి మీదినుంచే చూడవలసినవి చాలా ఉన్నాయి. ముందు లెక్కపెట్టించండి. టవరు పక్కనుంచి రెక్క కిందికి దాటిన ప్రతిసారీ ఒకటి, నిమిషంసేపు. 48 వచ్చాయనుకోండి, మూడుతో భాగిస్తే 16 చుట్లు. ‘ఇంత నెమ్మదిగా తిరిగితే ఏం కరెంటు వస్తుంది’ అని పెదవి విరుస్తారు. అప్పుడు చక్రం చుట్టుకొలత వేయించండి: 82 మీటర్ల వ్యాసానికి సుమారు 257.6 మీటర్లు. నిమిషానికి 16 చుట్లంటే 4,122 మీటర్లు. గంటకు 247 కిలోమీటర్లు. రెక్క కొస మన ఎక్స్‌ప్రెస్ రైళ్ళకు అందనంత వేగంతో పోతోందని తెలిశాక మళ్ళీ తలెత్తి చూస్తారు. ఒక పిల్లవాడు నన్ను, ‘అయితే కొసన కూర్చున్న పిచ్చుక ఏమవుతుంది సార్’ అని అడిగాడు. దాని సంగతి కిందికి వస్తాను.

ఆగి ఉన్న మర ఉంటే దాని రెక్కలు ఎలా ఉన్నాయో చూడమనండి. కత్తి అంచులా గాలికి ఎదురుగా సన్నని పక్క తిప్పుకుని ఉంటాయి. అట్టరెక్కల వాలు మార్చి చూసిన పిల్లలకు అది వెంటనే తెలుస్తుంది: తొంభై డిగ్రీలు పెట్టినప్పుడు మన చక్రమూ ఆగిపోయింది కదా. గాలి సెకనుకు మూడు, నాలుగు మీటర్లుంటే మర మొదలవుతుంది, సాధారణంగా 25 మీటర్లు దాటితే తనను తాను కాపాడుకోవడానికి ఆగిపోతుంది. గాలి దిక్కు మారితే పైనున్న డబ్బా, మేము నాసెల్ అంటాం, మెల్లగా అటు తిరుగుతుంది. దాని వీపు మీద చిన్న గిన్నెల చక్రమో, తోకలాంటి పరికరమో కనిపిస్తుంది. గాలి వేగం, దిక్కు మరకు చెప్పేది అదే.

ఇప్పుడు వానల ప్రశ్న. దీన్ని దాటవేయకండి, ఆ పిల్లాణ్ణి కోప్పడకండి. ఆ మాట వాళ్ళ తాత చెప్పి ఉంటాడు. పంట పోయిన మనిషి కళ్ళముందు కొత్తగా కనిపించేది ఆ మరే. తాతది మూర్ఖత్వం అన్నామంటే పిల్లాడు మన పాఠాన్నే పక్కన పెడతాడు.

నేనైతే పటం గీస్తాను. జూన్‌లో నైరుతి గాలి అరేబియా సముద్రం మీదినుంచి నీళ్ళు మోసుకొస్తుంది. పడమటి కనుమలకు తగిలి పైకి లేస్తుంది, చల్లబడుతుంది, కేరళ, కర్ణాటక తీరాల్లో కుండపోతగా కురుస్తుంది. కనుమలు దాటి పీఠభూమి మీదికి దిగేసరికి తేమ చాలావరకు పోయి ఉంటుంది, వేగం మాత్రం ఉంటుంది. ఆ గాలే మన అనంతపురానికి వస్తుంది. వాన తక్కువగా రావడానికీ, గాలి ఎక్కువగా వీయడానికీ ఒకటే కారణం. గాలి ఉంది కాబట్టి మరలు ఇక్కడికి వచ్చాయి. రామగిరిలో మరలు వచ్చింది 1990లలో. పెద్దలు చెప్పుకునే ధాత నామ సంవత్సరపు మహా కరువు వచ్చింది 1876లో, అప్పుడు ఈ కొండల మీద ఏ ఫ్యానూ లేదు. ఇక్కడి మర రెక్క కొస ఎంత పైకి పోయినా 120 మీటర్ల చిల్లర, కొత్త పెద్ద మరలవైతే 200 మీటర్ల దాకా, ఆపైన కూడా పోవచ్చు. వానమబ్బు అడుగే వందల మీటర్ల పైన మొదలవుతుంది, తల చాలా కిలోమీటర్ల ఎత్తులో ఉంటుంది.

ఇంత చెప్పి ఊరుకోకుండా ఒక పని ఒప్పచెప్పండి. మండలం వర్షపాతం అంకెలు ఎమ్మార్వో ఆఫీసులో అడిగితే ఇస్తారు. మరలు రాకముందు పదిహేనేళ్ళు, వచ్చాక పదిహేనేళ్ళు గ్రాఫు గీయించండి. ఉమ్మడి అనంతపురం జిల్లా సగటు 550 మిల్లీమీటర్ల దగ్గర, ఏడాదికేడాది ఎగుడుదిగుళ్ళు విపరీతం. ఆ గ్రాఫు పట్టుకుని ఆ పిల్లాడే తాతకు చూపించనివ్వండి. నేను వెళ్ళిన ఒక బడిలో ఇలా చేస్తే, ఒక పెద్దాయన మర్నాడు బడికి వచ్చి తనకు గుర్తున్న కరువు సంవత్సరాలన్నీ ఏకరువు పెట్టి, గ్రాఫులో ఒక్కొక్కటీ చూపించమన్నాడు. తరగతి మొత్తం ఆయన చుట్టూ చేరింది. అంతకంటే మంచి సైన్సు పీరియడ్ నేను చూడలేదు.

గాలి కరెంటును దేవుడిచ్చిన వరంలా మాత్రం చెప్పకండి. లోపాలు దాచిన పాఠం మీద పిల్లలకు నమ్మకం ఉండదు. 2,000 కిలోవాట్ల మర ఏడాదంతా నిండుగా తిరగదు, సగటున పావు వంతు ఇస్తుందనుకుంటే ఏటా 43 లక్షల 80 వేల యూనిట్లు. నెలకు వంద యూనిట్లు వాడే ఇళ్ళు 3,650కి సరిపోతాయి. కానీ డిసెంబరులో గాలి పడిపోయినప్పుడు ఆ ఇళ్ళకు వేరే చోటినుంచి రావాలి. అందుకే సోలార్, జలవిద్యుత్తు తోడుండాలి, మిగిలిన కరెంటు దాచుకోవాలి. నాగార్జునసాగర్‌లో, శ్రీశైలం ఎడమగట్టు కేంద్రంలో మిగిలిన కరెంటుతో కింది నీళ్ళను తిరిగి పైకి తోడి, కావాల్సినప్పుడు వదిలి కరెంటు తీసే యంత్రాలున్నాయి, కర్నూలు దగ్గర పిన్నాపురంలో దీనికోసమే జలాశయాలు కట్టారు. బడి వాటర్ ట్యాంకు చూపిస్తే ఆ పద్ధతి మొత్తం అర్థమవుతుంది.

పిచ్చుక ప్రశ్న అడిగిన పిల్లవాడికి నేను బట్టమేక పిట్ట (గ్రేట్ ఇండియన్ బస్టర్డ్) గురించి చెప్పాను. నంద్యాల జిల్లా రోళ్ళపాడులో దానికోసం 1988లో అభయారణ్యం పెట్టారు. బరువైన పక్షి, ముందున్నది దానికి సరిగా కనిపించదు, ఎగిరేటప్పుడు కరెంటు తీగలకు తగిలి చనిపోతుంది. గాలి మరలైనా సోలార్ అయినా కరెంటు బయటికి పోవాలంటే తీగలు లాగాల్సిందే. మరలు ఎక్కడ పెట్టాలి, ఎక్కడ పెట్టకూడదు అన్నది కూడా సైన్సే. పాతబడిన రెక్కల్ని ఏం చేయాలన్నదీ ఇంకా పూర్తిగా తేలని సమస్యే, అవి ఫైబర్‌గ్లాసు, కరిగించి మళ్ళీ పోయడానికి ఇనుము కాదు. మీ తరగతిలోని ఎవరో ఒకరు రేపు దీని మీద పనిచేయొచ్చు. దేశంలో గాలిమరల సామర్థ్యం 2025లో 50,000 మెగావాట్లు దాటింది, ఆంధ్రప్రదేశ్‌లో సుమారు 4,000, తెలంగాణలో 128. ఈ అంకెలు చివర్లో ఒక్క నిమిషంలో చెబితే చాలు.

ఇదంతా ఎన్ని పీరియడ్లు పడుతుందని అడిగారు. బొరుగులకు ఒకటి, మోటార్లకు ఒకటి, రెక్కలకు రెండు, చాక్‌పీసు డబ్బాలకు ఒకటి, వానల పటానికి ఒకటి. ఆరు దొరక్కపోతే రెక్కలకు ఒక్కటే ఇచ్చి మిగతావి ఉంచండి. మోటార్ల పీరియడ్ మాత్రం కోయకండి.

ఒక పని మాత్రం బడి తెరిచిన మొదటి వారంలోనే మొదలుపెట్టండి. డాబా మీద వెదురు కర్రకు మూరెడు రిబ్బను కట్టించండి. రోజూ ప్రార్థన అయ్యాక ఇద్దరు పిల్లలు వెళ్ళి అది ఏ దిక్కుకు ఎగురుతోందో, వేలాడుతోందా, వాలుగా లేచిందా, బిగుసుకుని నిలబడిందా చూసి చార్టులో రాయాలి. సాయంత్రం గంట కొట్టే ముందు మరో ఇద్దరు. ఆదివారాలు పోను సెప్టెంబరు దాకా రాస్తే జూలై గడులు ఎలా నిండాయో, సెప్టెంబరు గడులు ఎలా పలచబడ్డాయో గోడ మీదే కనిపిస్తుంది. ఆ చార్టు పక్కన, కిటికీలోంచి కనిపించే మరల్లో ఆ పూట ఎన్ని తిరుగుతున్నాయో కూడా ఒక గడి పెట్టించండి.